టికెట్ ఫ్రీ అయినా బడి దూరమే: పల్లెటూళ్ల ఆడపిల్లల చదువులో ప్రయాణం లెక్క

ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఇచ్చే శక్తి పథకం కర్ణాటకలో 2023 జూన్ 11న మొదలైంది. అదే ఏడు డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి అలాగే వచ్చాయి. తమిళనాడు టౌన్ బస్సుల్లో 2021 మే నుంచే ఆడవాళ్లకు టికెట్ లేదు. అయినా బెంగళూరుకు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న బాగేపల్లి చుట్టుపక్కల, అటు శ్రీనివాసపురం, చింతామణి వైపు తెలుగు మాట్లాడే ఊళ్లలో ఎనిమిదో తరగతి దగ్గరో, పీయూసీ (పదకొండు, పన్నెండు తరగతులు) దగ్గరో ఆగిపోయే ఆడపిల్లలు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఊళ్ల నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డ బంధువులే "బస్సు ఫ్రీ కదా, ఇంకేం అడ్డం?" అని అడుగుతుంటారు.

అది సరైన ప్రశ్నే. టికెట్ అనేది ప్రయాణంలో ఒక భాగం, అదీ చిన్న భాగం. మిగతా భాగాలు ఎక్కడెక్కడ తెగుతాయో, తెగినప్పుడు అబ్బాయి కంటే అమ్మాయి చదువు ముందు ఎందుకు ఆగుతుందో ఈ వ్యాసంలో చూద్దాం.

చట్టం చెప్పే దూరం, పిల్ల నడిచే దూరం

2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. దాని కింద రూపొందిన నిబంధనల ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతుల బడి ఇంటికి ఒక కిలోమీటరు లోపల, ఆరు నుంచి ఎనిమిది తరగతుల బడి మూడు కిలోమీటర్ల లోపల ఉండాలి. ఆపైన హైస్కూలుకు ఐదు కిలోమీటర్లను ప్రమాణంగా పెట్టుకున్నారు గాని, చట్టం ఇచ్చే హక్కు పద్నాలుగేళ్లకే ముగుస్తుంది. పిల్ల ఎదిగేకొద్దీ బడి దూరమవుతుంది. సరిగ్గా ఆ వయసులోనే ఇంట్లో ఆంక్షలు మొదలవుతాయి.

జాతీయ నమూనా సర్వే సంస్థ 2017-18లో జరిపిన 75వ విడత సర్వేలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. గ్రామీణ కుటుంబాల్లో తొంభై శాతం పైగా ప్రాథమిక పాఠశాల కిలోమీటరు లోపలే ఉందన్నాయి. హైస్కూలు కిలోమీటరు లోపల ఉందన్నవి 38 శాతమే.

కర్ణాటకలో ఈ మార్పు ఇంకాస్త ముందే వస్తుంది. ఇక్కడ హైస్కూలు ఎనిమిదో తరగతితో మొదలవుతుంది. ఊళ్లో ఉన్న హయ్యర్ ప్రైమరీ బడిలో ఏడు ముగించిన పదమూడేళ్ల పిల్ల, ఆ జూన్ నుంచి హోబళీ (తాలూకాలో ఒక భాగం) కేంద్రానికో తాలూకా ఊరికో పోవాలి. కొన్ని హయ్యర్ ప్రైమరీ బడుల్లో ఎనిమిదో తరగతి కూడా కలిపారు, కాబట్టి కొన్ని ఊళ్లలో ఈ గండం ఒక ఏడాది వెనక్కి జరిగింది. రెండో గండం పదో తరగతి తర్వాత. పీయూసీ కాలేజీలు, ముఖ్యంగా సైన్సు ఉన్నవి, ఎక్కువగా తాలూకా కేంద్రాల్లోనే ఉంటాయి.

మ్యాపులో కొలిచే దూరం వేరు, పిల్ల నడిచే దూరం వేరు. చెరువు కట్ట మీదుగా రెండు కిలోమీటర్లే కావచ్చు. అక్టోబర్, నవంబర్ వానల్లో వాగు పొంగితే చుట్టూ తిరిగి ఐదు. ఎస్సీ కాలనీ ఊరికి అవతల ఉంటే, బస్సు ఊరి మధ్యలో రచ్చబండ దగ్గరే ఆగితే, ఆ పిల్లల నడక ఇంకో అర కిలోమీటరు పెరుగుతుంది. పైగా ఆ అర కిలోమీటరు ఎవరి ఇళ్ల ముందు నుంచి పోవాలన్నది కూడా కొన్ని ఊళ్లలో చిన్న విషయం కాదు.

గడప నుంచి తరగతి గది దాకా: నిమిషాల లెక్క

ఒక ఊరిని ఊహించుకుందాం. హైస్కూలు ఆరు కిలోమీటర్లు. బస్సు ఊళ్లోకి రాదు. రెండు కిలోమీటర్ల అవతల మెయిన్ రోడ్డు మీద క్రాస్ దగ్గర ఆగుతుంది. బడి పదింటికి.

పుస్తకాల బ్యాగుతో పిల్ల గంటకు నాలుగు కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే, బడి దాకా నడకకు గంటన్నర పడుతుంది. సైకిల్ మీద మట్టిరోడ్డు, తారురోడ్డు కలిపి గంటకు పది కిలోమీటర్ల వేగం వేసుకుంటే 36 నిమిషాలు. ఇక బస్సు: క్రాస్ దాకా నడక 30 నిమిషాలు, ఎదురుచూపు 25, నాలుగు కిలోమీటర్ల బస్సు ప్రయాణం 12, దిగాక బడి దాకా 5. మొత్తం 72 నిమిషాలు.

అందులో బస్సు నడిచేది 12 నిమిషాలే. టికెట్ ధర సున్నా అయినా మిగిలిన గంట అలాగే ఉంటుంది. అదే బస్సు ఊళ్లోకి వస్తే నడక 5, ఎదురుచూపు 15, ఆరు కిలోమీటర్ల ప్రయాణం 18, చివరి నడక 5 కలిపి 43 నిమిషాలు. పోను రాను కలిపి రోజుకు దాదాపు గంట మిగులుతుంది. హైస్కూలు పిల్లకు రోజుకు ఒక గంట అంటే ఇంటిదగ్గర చదువుకునే సమయం మొత్తం అదే కావచ్చు, ఎందుకంటే ఇంటికొచ్చాక నీళ్లు, అంట్లు, పశువుల పని అబ్బాయి కంటే అమ్మాయికే ఎక్కువ పడతాయి.

ఈ లెక్కలో అందరూ మర్చిపోయేది ఎదురుచూపు. బస్సు 9.05కు అని బోర్డు మీద ఉన్నా, అది 8.50కీ 9.25కీ మధ్య ఎప్పుడైనా వస్తుందనుకుంటే, పిల్ల 8.50కే అక్కడ ఉండాలి. బస్సు సగటున ఎంత ఆలస్యంగా వస్తుందన్నది కాదు, ఎంత నమ్మకంగా వస్తుందన్నదే ఆమె ఉదయాన్ని నిర్ణయిస్తుంది. ఎప్పుడూ పది నిమిషాలు ఆలస్యమయ్యే బస్సు కన్నా, ఒకరోజు ముందూ ఒకరోజు వెనకా వచ్చే బస్సు ఎక్కువ చేటు చేస్తుంది.

సాయంత్రం బస్సే అసలు పరీక్ష

పిల్ల బడికి పోతుందా లేదా అన్నది చాలా ఇళ్లలో పొద్దుటి బస్సుతో తేలదు, సాయంత్రం బస్సుతో తేలుతుంది. ఆలస్యంగా పోతే మొదటి పీరియడ్ పోతుంది. ఆలస్యంగా వస్తే తల్లిదండ్రుల గుండెల్లో రాయి పడుతుంది. అలాంటి సాయంత్రాలు రెండు మూడు వస్తే చాలు, ఇంట్లో పెళ్లి మాట మొదలవుతుంది.

బెంగళూరు ప్రాంతంలో జూన్‌లో సూర్యాస్తమయం సుమారు 6.45కు. నవంబర్ చివర్లో 5.50కే. ఐదున్నరకు టౌనులో బస్సెక్కిన పిల్ల 5.42కు క్రాస్‌లో దిగి, రెండు కిలోమీటర్లు నడిచి 6.12కు ఇల్లు చేరుతుంది. జూన్‌లో అది పట్టపగలు, పొలాల్లో మనుషులుంటారు. నవంబర్‌లో చీకటి. బస్సు అదే, పిల్ల అదే, దారి అదే. జూన్‌లో ఒప్పుకున్న తండ్రి నవంబర్‌లో ఒప్పుకోడు. చాలా హైస్కూళ్లలో ఎస్సెస్సెల్సీ (పదో తరగతి) పిల్లలకు సాయంత్రం స్పెషల్ క్లాసులు మొదలయ్యేది కూడా ఆ నెలల్లోనే. దూరపు ఊళ్ల అమ్మాయిలు ఆ క్లాసులకు ఉండలేక ముందు బస్సుకే వెళ్లిపోతారు. హాజరు పట్టీలో వాళ్ల పేరు ఉంటుంది, కానీ పరీక్షకు పనికొచ్చే ఆ గంట వాళ్లకు అందదు. దీన్ని ఏ గణాంకమూ పట్టుకోదు.

భద్రత గురించి మాట్లాడేటప్పుడు, ఏదైనా జరిగిందా అన్నది ఒకటి, జరుగుతుందేమో అన్న భయం ఇంకొకటి. చదువును ఎక్కువగా ఆపేది రెండోది. ఇది పల్లెకే పరిమితం కూడా కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో చదివే విద్యార్థుల మీద ఆర్థికవేత్త గిరిజా బోర్కర్ చేసిన పరిశోధనలో, దారి సురక్షితంగా అనిపిస్తే చాలు, తమ మార్కులకు రాగల మంచి కాలేజీని వదులుకుని తక్కువ స్థాయి కాలేజీని ఎంచుకోవడానికి అమ్మాయిలు సిద్ధపడుతున్నారని తేలింది. అబ్బాయిల్లో ఆ వెనకడుగు అంతగా లేదు. అక్కడ మెట్రో ఉంది, పది రకాల బస్సులున్నాయి. రోజుకు నాలుగు ట్రిప్పుల ఊళ్లో ఎంచుకోవడానికి ఇంకో కాలేజీ కూడా ఉండదు. సైన్సు ల్యాబ్ సాయంత్రం దాకా ఉంటుందని ఆర్ట్స్‌లో చేరడమో, చేరకపోవడమో మాత్రమే మిగులుతుంది.

తప్పిపోయిన బస్సులు, 75 శాతం హాజరు

కర్ణాటకలో ఎస్సెస్సెల్సీ పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరు కావాలి. ఏడాదికి 220 పనిదినాలనుకుంటే 165 రోజులు. ఇందులో బస్సు వంతు ఎంతో చూద్దాం. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలు.

పది రోజులకోసారి బస్సు రాలేదు, లేదా నిండిపోయి ఆగలేదు, పిల్ల ఇంటికి తిరిగొచ్చింది. అలా 22 రోజులు. నెలసరి రోజుల్లో బడిలో నీళ్లున్న మరుగుదొడ్డి లేక, పైగా కిక్కిరిసిన బస్సులో పోలేక నెలకు రోజున్నర చొప్పున పది నెలలకు 15. జ్వరాలు, జాతర, వేరుశనగ పీకుళ్లు, ఇంట్లో ఎవరికైనా బాగాలేకపోతే ఇంకో 15. మొత్తం 52 పోతే 168 రోజులు మిగిలాయి, 76 శాతం. 75 శాతం గీతకు మూడు రోజులే పైన. ఇప్పుడు బస్సు పదికి బదులు ఎనిమిది రోజులకోసారి తప్పిందనుకోండి. హాజరు 163కు పడింది, గీత కిందికి.

ఇక్కడ "పిల్ల చదువు మీద శ్రద్ధ లేక మానేసింది" అని రిజిస్టరులో రాసుకోవడం తేలిక. నిజానికి ఆమె మిగతా పిల్లల్లాగే జ్వరానికీ జాతరకూ మానింది. తేడా అంతా బస్సుదే. బడి పక్కనే ఉన్న పిల్లకు ఆ 22 రోజులు ఉండవు.

డిపో వైపు నుంచి చూస్తే

బస్సు ఎందుకు రాదో అర్థం కావాలంటే డిపో లెక్క కూడా తెలియాలి. అక్కడి వాళ్లకు ఊరి మీద కోపమేమీ ఉండదు. వాళ్ల ఇబ్బంది ఏమిటంటే, తాలూకాలోని బడులన్నీ దాదాపు ఒకే వేళకు తెరుస్తారు. అంటే అన్ని ఊళ్లకూ 8.30, 9.30 మధ్యే బస్సు కావాలి. పదకొండింటికి అవే బస్సులు సగం ఖాళీగా తిరుగుతాయి.

ఒక బస్సు, రెండు వేర్వేరు దిక్కుల్లో రెండు ఊళ్లు, ఒక్కోటి 25 నిమిషాల దూరం అనుకోండి. ఎనిమిదింటికి టౌనులో బయల్దేరి మొదటి ఊరికి 8.25, పిల్లల్ని తెచ్చి 8.50. రెండో ఊరికి 9.15, తిరిగి టౌనుకు 9.40. రెండో ఊరి పిల్లలు సమయానికొచ్చారు. మొదటి ఊరి పిల్లలు తాళం వేసిన గేటు ముందు గంటా పది నిమిషాలు నిలబడ్డారు. సాయంత్రం ఇది తలకిందులవుతుంది: 4.40కి మొదటి ఊరి పిల్లలు బయల్దేరితే, బస్సు తిరిగొచ్చి రెండో ఊరి పిల్లల్ని తీసుకుని 5.55కు దింపుతుంది. మూడో ఊరు కూడా కావాలంటే అక్కడి పిల్లలు 10.30కి బడికి చేరతారు. బడి వేళల్ని ఊరూరికీ అరగంట అటూ ఇటూ జరిపితే అదే బస్సు రెండు ఊళ్లకు సరిపోతుంది. కానీ బడి వేళలు విద్యాశాఖ చేతిలో, బస్సు వేళలు రవాణా సంస్థ చేతిలో ఉన్నాయి. రెండింటినీ ఒకే బల్ల మీద పెట్టి చూసే బాధ్యత ఎవరికీ లేదు. నా దృష్టిలో ఖర్చు లేకుండా సరిచేయగలిగిన లోపాల్లో ఇదే పెద్దది.

నైట్ హాల్ట్ బస్సు సంగతి వేరు. రాత్రి చివరి ట్రిప్పు ఊళ్లోనే ఆగి, తెల్లవారి ఆరున్నర, ఏడు మధ్య అక్కడి నుంచే బయల్దేరుతుంది. టౌను నుంచి ఖాళీగా రానక్కర్లేదు కాబట్టి డిపోకు డీజిల్ మిగులుతుంది. పీయూసీకి చింతామణి, చిక్కబళ్లాపురం దాకా పోయే అమ్మాయిలకు ఇంతకు మించిన వసతి లేదు. రాత్రి బస్సు చీకట్లో వచ్చినా క్రాస్‌లో కాకుండా ఊరి నడిబొడ్డున దింపుతుంది. అయితే డ్రైవర్, కండక్టర్ పడుకోవడానికి గది, నీళ్లు, మరుగుదొడ్డి ఊళ్లో ఉండాలి. అవి లేనిచోట సిబ్బంది ఆ డ్యూటీ వద్దంటారు, కొన్నాళ్లకు ఆ ట్రిప్పు రద్దవుతుంది. పంచాయతీ ఒక గది చూపించలేకపోవడం వల్ల ఆడపిల్లల కాలేజీ పోవడమంటే ఎంత చిన్న కారణానికి ఎంత పెద్ద నష్టమో ఆలోచించండి.

ఇంకో చిక్కు, హైవే. బాగేపల్లి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి వెడల్పై, ఫ్లైఓవర్లు వచ్చాక దూరప్రాంతపు ఎక్స్‌ప్రెస్‌లు పైనుంచే వెళ్లిపోగలవు. కింద సర్వీస్ రోడ్డు మీద నిలబడ్డ పిల్లలకు పైన పోతున్న బస్సు కనిపిస్తుంది గాని ఎక్కడానికి వీలుండదు. ఆగే ఆర్డినరీ బస్సు గంటకొకటి.

ఫ్రీ బస్సు వల్ల మేలా, కీడా

శక్తి పథకంపై రెండు బలమైన వాదనలున్నాయి. రెండింటిలోనూ నిజం ఉంది.

మేలు చేసిందనేవాళ్లు చెప్పేది: చదువు మాన్పించే నిర్ణయం నెలాఖరులో చిల్లర లెక్క దగ్గరే జరిగేది. ఇద్దరు ఆడపిల్లలున్న ఇంట్లో "పెద్దది మానేస్తే చిన్నదాన్ని పంపొచ్చు" అనే మాట ఇప్పుడు బస్సు చార్జీ పేరుతో రాదు. 2025 జనవరిలో చార్జీలు 15 శాతం పెరిగినా అమ్మాయిల మీద ఆ భారం పడలేదు. తల్లి కూడా ఉచితంగానే ఎక్కుతుంది కాబట్టి మొదటి వారం కూతురితో పాటు పోయి దారి చూసి రాగలదు. కాలేజీలో అడ్మిషన్ కోసం తిరగగలదు. 2025 జూలై నాటికి ఈ పథకం కింద ఐదు వందల కోట్ల ప్రయాణాలు జరిగాయి. అంతమంది ఆడవాళ్లు బస్సుల్లో ఉండడమే ఒంటరిగా పోయే అమ్మాయికి ఒక రక్షణ.

ఎదుటి వాదన: ప్రయాణికులు పెరిగినంతగా పొద్దుటి ట్రిప్పులు పెరగలేదు. నిండిన బస్సు క్రాస్‌లో ఆగకుండా పోతోందని కర్ణాటకలో చాలాచోట్ల విద్యార్థులు రోడ్డెక్కారు. అబ్బాయిలు పాస్ కొనుక్కుని ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నారు. అమ్మాయి అలా వేలాడలేదు, అందుకే ఆ బస్సు వదిలేస్తుంది. ప్రభుత్వం సంస్థలకు చెల్లించాల్సిన డబ్బు ఆలస్యమైతే కొత్త బస్సులు కొనడమూ ఆలస్యమవుతుంది.

ఈ రెండిటికీ మధ్య ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక సంగతి ఉంది. ఫ్రీ ప్రయాణానికీ కండక్టర్ మెషీన్ నుంచి జీరో టికెట్ కొడతాడు. అందులో ఎక్కడ ఎక్కారు, ఎక్కడ దిగారు, ఏ వేళ అన్నీ నమోదవుతాయి, ఆ టికెట్ విలువను ప్రభుత్వం సంస్థకు తిరిగి చెల్లించాలి. నెలల తరబడి చెల్లే పాత స్టూడెంట్ పాసును కండక్టర్ చూసి వదిలేసేవాడు. పాస్ పిల్లలతో నిండిన ట్రిప్పు ఆ రోజు కలెక్షన్‌లో దాదాపు ఖాళీ ట్రిప్పులా కనిపించేది. కిలోమీటరుకు రాబడి తక్కువని ముందు రద్దయ్యేవి అవే. ఇప్పుడు అమ్మాయిల ప్రయాణం మొదటిసారి డిపో లెక్కల్లోకి ఆదాయంగా వచ్చింది. అయితే నిండి ఆగకుండా పోయిన బస్సు వల్ల క్రాస్‌లో మిగిలిపోయిన పిల్లలు ఏ మెషీన్‌లోనూ నమోదు కారు.

సైకిల్: గట్టి ఆధారం ఉన్న పరిష్కారం

ప్రయాణ సౌకర్యం నిజంగా చదువును మారుస్తుందా, లేక చదివించాలనుకున్న వాళ్లే సౌకర్యమూ చూసుకుంటారా? ఈ సందేహానికి అందరూ చూపే జవాబు బిహార్. అక్కడ 2006లో తొమ్మిదో తరగతిలో చేరిన అమ్మాయిలకు సైకిల్ కొనుక్కోవడానికి డబ్బు ఇచ్చారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ దాని ఫలితాన్ని లెక్కగట్టి 2017లో ప్రచురించారు.

వాళ్ల పద్ధతిని చిన్న ఉదాహరణతో చెప్పుకోవచ్చు, అంకెలు ఊహించినవి. పథకం తర్వాత బిహార్ అమ్మాయిల చేరికలు 10 పాయింట్లు, అబ్బాయిలవి 6 పెరిగాయనుకుందాం. తేడా 4. కానీ ఏ పథకమూ లేకపోయినా అమ్మాయిలు మెల్లగా అందుకుంటూ ఉండొచ్చు. సైకిళ్లు లేని పక్క రాష్ట్రం జార్ఖండ్‌లో అదే తేడా 1 అనుకుంటే, 4 లోంచి 1 తీసేయగా మిగిలిన 3 సైకిల్ వల్ల వచ్చిందని చెప్పొచ్చు. ఇలా లెక్కించినప్పుడు అసలు ఫలితం ఇది: వయసుకు తగ్గ సెకండరీ తరగతిలో అమ్మాయిల చేరిక 32 శాతం పెరిగింది. అబ్బాయిలతో ఉన్న అంతరం 40 శాతం తగ్గింది. పదో తరగతి పరీక్షకు కూర్చున్న అమ్మాయిల సంఖ్య 18 శాతం, పాసైన వాళ్ల సంఖ్య 12 శాతం పెరిగాయి.

పెరుగుదల ఎక్కువగా హైస్కూలు దూరంగా ఉన్న ఊళ్లలోనే కనిపించింది. దాన్నిబట్టి దూరమే అడ్డమని తేలింది. "ఆడపిల్లను చదివించాలన్న మనసు ఉండాలి గాని దూరం ఒక సాకు" అనే వాదనకు ఇదే జవాబు. మనసు లేని ఇళ్లు ఉన్నాయి, కాదనడం లేదు. కానీ సైకిల్ రాగానే అన్ని వేలమంది కదిలారంటే, వాళ్ల ఇళ్లలో మనసు ముందే ఉందన్నమాట. ఇంకోవైపు 32, 18, 12 అని దిగుతూ వచ్చిన వరుసను కూడా దాచకూడదు. ప్రయాణం పిల్లను బడి గేటు దాకా తెస్తుంది. లోపల పాఠం ఎలా ఉందన్నది వేరే పని.

జాంబియాలో అమ్మాయిలకు సైకిళ్లిచ్చిన పథకంపై జరిగిన అధ్యయనంలో ప్రయాణ సమయం 35 శాతం, గైర్హాజరు 27 శాతం తగ్గాయి. అక్కడ సైకిళ్లతో పాటు స్థానికంగా మెకానిక్‌లకు శిక్షణ ఇచ్చి, విడిభాగాలు అందేలా చూశారు. మన దగ్గర సైకిల్ ఇచ్చే రోజు ఫొటోలుంటాయి, ఆ తర్వాత ఎవరూ అడగరు. సైకిల్ మూలపడేది పెద్ద విరుపు వల్ల కాదు. ట్యూబ్ పంక్చర్, అరిగిన బ్రేక్ రబ్బరు, వదులైన చైను, ఊడిన చక్రం పుల్లలు. పంక్చర్ షాపు ఊళ్లో లేక టౌనులోనే ఉంటే, పాడైన సైకిల్‌ను అక్కడికి తోసుకుపోవాల్సింది మళ్లీ ఆ ఆరు కిలోమీటర్లే.

సైకిల్‌కు ఒక హద్దూ ఉంది. బిహార్ మైదానం వేరు, బాగేపల్లి చుట్టూ ఉన్న గుట్టలు, ఎత్తుపల్లాలు వేరు. బరువైన సాదా సైకిల్ మీద ఎత్తు ఎక్కలేక దిగి తోసుకుంటే వేగం నడకకు వచ్చేస్తుంది. ఐదారు కిలోమీటర్ల దాకా సైకిల్ బస్సును గెలుస్తుంది. ఎనిమిది దాటితే, లేదా దారిలో హైవే లారీల మధ్య నడపాల్సి వస్తే, బస్సు తప్పదు.

ఏ రాష్ట్రం ఏ తరగతిలో సైకిల్ ఇస్తుందో చూస్తే అది ఏ గండాన్ని గుర్తించిందో తెలుస్తుంది. కర్ణాటక 2006-07 నుంచి ఎనిమిదో తరగతిలో ఇచ్చింది. తమిళనాడు 2001-02లో ఎస్సీ, ఎస్టీ అమ్మాయిలతో మొదలుపెట్టి, 2005-06 నుంచి ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ప్లస్ వన్ (పదకొండో తరగతి) పిల్లలందరికీ ఇస్తోంది. తిరువళ్లూరు జిల్లాలో పళ్లిపట్టు, ఊత్తుకోట వైపు తెలుగు పల్లెల పిల్లలకూ అవే సైకిళ్లు. కర్ణాటకలో కోవిడ్‌తో ఆగిపోయిన పంపిణీ తర్వాత ఏళ్ల తరబడి మొదలుకాలేదు. శక్తి వచ్చింది కదా, సైకిల్ ఎందుకనే మాట వినిపిస్తుంది. బస్సు వచ్చే ఊరికి ఆ మాట సరే. బస్సే రాని ఊరికి జీరో టికెట్ ఎందుకూ కొరగాదు.

వ్యాన్ పెట్టుకుంటే గిట్టుతుందా

బస్సు రాని, సైకిల్‌కు అందని ఊళ్ల కోసం కేంద్రం పాఠశాల విద్యా పథకం సమగ్ర శిక్షలో రవాణా భత్యం ఉంది. పిల్లకు ఏడాదికి గరిష్ఠంగా 6,000 రూపాయలు. 220 రోజులకు పంచితే రోజుకు 27. షేర్ ఆటోకు ఒకవైపు 20 రూపాయలైతే రోజుకు 40, ఏడాదికి 8,800. ఇంట్లోవాళ్లు 2,800 కలపాలి. ఇద్దరు పిల్లలైతే 5,600.

పన్నెండు మంది కలిసి వ్యాన్ పెట్టుకుంటే? ఆరు వేలను పది నెలలకు పంచితే నెలకు తలా 600, మొత్తం 7,200. బడి 12 కిలోమీటర్లు. వ్యాన్ ఊరిదే అయి, ఉదయం దింపి ఖాళీగా తిరిగొచ్చి, సాయంత్రం మళ్లీ పోతే రోజుకు 48 కిలోమీటర్లు. నెలకు 22 రోజులకు 1,056. లీటరుకు 12 కిలోమీటర్లు, డీజిల్ 90 రూపాయలు వేసుకుంటే 7,920. డ్రైవర్ జీతం, ఇన్సూరెన్స్ లెక్కలోకి రాకముందే నష్టం. వ్యాన్ పగలంతా టౌనులో ఆగి అక్కడే ఇతర బాడుగలు చూసుకుంటే డీజిల్ సగమై 3,960కి దిగుతుంది, అప్పుడు కొంత గిట్టుతుంది. లేదంటే పన్నెండు మంది బండిలో ఇరవై మందిని కుక్కుతారు, మధ్యలో కూలీలను, కూరగాయల మూటల్ని ఎక్కించుకుంటారు. అలాంటి బండిలో తమ అమ్మాయిని ఎక్కించడానికి తల్లిదండ్రులు వెనకాడితే తప్పు పట్టలేం.

పిల్లను బడి దగ్గర ఉంచాలా, బడులను కలపాలా

ప్రయాణం లెక్కనే మార్చేసే ఆలోచనలు రెండున్నాయి. ఒకటి హాస్టల్. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు 2004 నుంచి ఉన్నాయి. కర్ణాటకలో మొరార్జీ దేశాయి, కిత్తూరు రాణి చెన్నమ్మ పేర్లతో వసతి పాఠశాలలున్నాయి. మంచి వార్డెన్ ఉన్నచోట ఇంతకు మించిన మార్గం లేదు, సాయంత్రం స్పెషల్ క్లాసు కూడా దక్కుతుంది. సీట్లు తక్కువ. కొన్ని ఇళ్లలో పిల్లను రాత్రి బయట ఉంచడానికే ఒప్పుకోరు. వాళ్లు ఎంచుకునేది మన వైపు బాగా తెలిసిన దారి: బెంగళూరులోనో తాలూకా ఊళ్లోనో మేనమామ ఇంట్లోనో పెద్దమ్మ ఇంట్లోనో పెట్టి చదివించడం. కొందరు అలా చదువుకుని పైకొచ్చారు. ఇంకొందరు ఆ ఇంటి చంటిపిల్లలను చూసుకుంటూ, వంట చేస్తూ పదో తరగతి తప్పారు. హాస్టల్ ఖర్చు ప్రభుత్వం లెక్కలో కనిపిస్తుంది, ఈ ఖర్చు పిల్ల చదువులోంచి పోతుంది.

రెండోది చిన్న బడులను కలిపి పెద్దవి చేయడం. కర్ణాటక పబ్లిక్ స్కూల్ పేరుతో శిశు తరగతుల నుంచి పన్నెండు దాకా ఒకే ఆవరణలో ఉండే బడుల్ని 2018-19 నుంచి పెంచుకుంటూ వస్తున్నారు. సమర్థించేవాళ్ల మాట బలమైనది: ఇరవై మంది పిల్లలకు ఇద్దరు టీచర్లున్న బడిలో సైన్సు, ఇంగ్లీషు ఎవరు చెబుతారు? పైగా ఒకసారి చేరిన పిల్లకు ఎనిమిది దగ్గర, పదకొండు దగ్గర బడి మారే గండం ఉండదు. వ్యతిరేకించేవాళ్ల మాటా అంతే బలమైనది: ఊళ్లో బడి మూస్తే ఆరేళ్ల పిల్లకు కూడా ప్రయాణం మొదలవుతుంది, ముందు మానేసేది ఆడపిల్లే. ఈ రెండు వాదనల మధ్య తీర్పు బడి భవనాన్ని బట్టి ఉండదు. బడికి కేటాయించిన బండి మొదటి ఏడు తిరిగినట్టే ఐదో ఏడు కూడా తిరుగుతుందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. భవనానికి ఒకసారి డబ్బు చాలు, బండికి ఏటా కావాలి. బడ్జెట్‌లో ముందు కోతపడేది అలాంటి ఖర్చుకే.

రాష్ట్ర సరిహద్దు మీది ఊళ్లు

తెలుగువాళ్ల విషయంలో ఇంకో ప్రత్యేకమైన చిక్కు ఉంది. గౌరిబిదనూరు తాలూకా అంచున ఉన్న కొన్ని ఊళ్లకు హిందూపురం దగ్గర. శ్రీనివాసపురం తూర్పు అంచున ఉన్నవాటికి మదనపల్లె వైపు కాలేజీలు దగ్గర. ఇంట్లో తెలుగే, బంధువులూ అటే. కానీ ఉచిత ప్రయాణం సాధారణంగా రాష్ట్రం గీత దగ్గర ఆగిపోతుంది. శక్తి కర్ణాటక వాసులకు, రాష్ట్రం లోపల. స్త్రీశక్తి ఆంధ్ర వాసులకు, ఆ రాష్ట్రం లోపల. అంతర్రాష్ట్ర బస్సెక్కిన పిల్ల చార్జీ కట్టాల్సి రావచ్చు. అటు కాలేజీలో చేరితే ఇక్కడి హాస్టల్, స్కాలర్‌షిప్ అర్హతలు కూడా మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. దాంతో పన్నెండు కిలోమీటర్ల కాలేజీని వదిలి, ఉచిత బస్సు ఉంది కదా అని ముప్పై కిలోమీటర్ల కాలేజీలో చేరడం జరుగుతుంది. చార్జీ మిగిలింది, రోజుకు రెండు గంటలు పోయాయి, ఐదున్నర తర్వాత ఊరికి బస్సు లేదు.